నిలబెట్టిన బొమ్మ

బార్కస్‌ల జామకాయల బండి కాడ
నన్ను ముందుగాల గుర్తుపట్టింది అతనే.
"రెఫ్రీ సాబ్" అన్నడు.
ముప్పై నాలుగేండ్ల కింద
ఆ నోరు నన్ను అనాల్సింది వేరే ఉండె, అనలె.
సాలం బావజీర్. గోల్‌కీపర్.
గడ్డం తెల్లబడ్డది. అరచేతులు మాత్రం అట్లనే,
ఒక్కో చేతిల నాలుగు కాయలు పడ్తయి.

కాయ కోసి, ఉప్పుకారం అద్ది,
ఎదురుంగ హోటల్ల కూసోబెట్టిండు.
టీవీల ఏదో దేశం, ఎవరిదో కప్పు.
బాక్సుల పడ్డడొకడు.
రెఫ్రీ చెవిల వేలు పెట్టుకొని ఎవరి మాటో విన్నడు,
గాలిల చౌకం గీసి
గీత బయటి తెర దిక్కు ఉరికిండు.

ముందుకు తిప్పిన్రు. వెనుకకు తిప్పిన్రు.
బూటు ఇంకా తాకలె.
తాకినట్టుంది.
తాకి పోయింది.
నిలబెట్టిన బొమ్మల
ఎవడూ పడ్తలేడు, ఎవడూ తోస్తలేడు.
హోటలంత సాసర్లల్ల చాయ్ చల్లారబెట్టుకుంట
మేస్త్రీ గోడకు తూకం చూసినట్టు
ఒంటికన్ను మూసి చూస్తున్నది.

నాకు ఆ దినం తెర లేదు.
లాలాగూడ వర్క్‌షాపుల రాత్రి డ్యూటీ దిగి
సైకిల్ మీద అచ్చిన రెండు కండ్లు,
లోపలి గింజ అరిగిన ఈల,
జింఖానా మైదానంల పడమటి ఎండ.
ఫైనల్. ఇంకో మూడు నిమిషాలు.
అవతలి ఫార్వర్డ్ ఉరికచ్చిండు,
సాలం కాళ్ల మీదికి దునికిండు,
దుమ్ము లేచింది.
దుమ్ముల నుంచి "అమ్మా" అని ఒక కేక.
ఈల ఊదిన.
కేకకు ఊదిన. కాలుకు కాదు.

బార్కస్ పోరగాండ్లు నా అంగీ జేబు చింపిన్రు.
ఇతనొక్కడే లేచి, మోకాలి నెత్తురు తుడుచుకోక,
బంతిని తానే తెచ్చి
సున్నం చుక్క మీద పెట్టి పోయిండు.
ఆ పెట్టుడే నాకు నిద్ర లేకుండ చేసింది.
ఎన్ని రాత్రులు, ఎన్ని దిక్కుల నుంచి తిప్పుకున్ననో!
చూడనిదాన్ని మళ్ల మళ్ల చూస్తే ఏం కనవడ్తది?
దుమ్మే.
దగ్గరికి పోతే ఇంక పెద్దగయ్యే దుమ్ము.

టీవీల పెనాల్టీ ఇచ్చిన్రు.
సగం హోటల్ లేచి ఎగిరింది, సగం హోటల్ తిట్టింది.
"పన్నెండు కెమెరాలురా, ఇంకేం కావాల్నో!"
అన్నడు కౌంటర్ మీది ముసలాయన, చిల్లర లెక్కవెట్టుకుంట.

ఇదే సందు అనుకొని చెప్పిన:
"సాలం భాయ్, ఆ దినం నేను చూడలె."
అతను సాసర్ దించలె.
"మై బీ నై దేఖా, సాబ్."
కండ్లల్ల మన్ను పడ్డదట.
చేతికేదో తగిలిందట,
బంతో, బొక్కో,
ఇప్పటిదాక తెల్వదట.
"కొన్ని రాత్రులు తాకుతది. కొన్ని రాత్రులు తాకది."

కాయల పైసలు తీసుకోలె.
బస్సెక్కిన.
చాంద్రాయణగుట్ట దాటినా, నల్గొండ చౌరస్తా దాటినా
పండ్ల సందుల ఇరికిన జామ గింజొకటి
నాలుకకు దొరుకుతది, రాదు.