తహష్

పదం ఉంది. జంతువు లేదు.
ఊరూ పేరూ లేనివాళ్లని చూశాం గానీ
పేరొక్కటే మిగిలి
ఊరూ ఒళ్లూ పోగొట్టుకున్నదాన్ని
నేను మొదట చూసింది ఐలాత్‌లో,
మూడో తరగతి చలికాలపు పాఠంలో.

తావ్, హేత్, షీన్. మూడే అక్షరాలు.
మొదటిది తీసి నూన్ పెడితే నహష్, పాము.
పామంటే అందరికీ తెలుసు.
దీని దగ్గర మాత్రం జెలిగ్ మాస్టారు
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"తెలీదమ్మాయ్" అన్నాడు.
పెద్దవాళ్ల నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

తరవాత వరసపెట్టి చెప్పాడులే.
ఒంటికొమ్ముదని కొందరు,
ఒంటినిండా రంగులున్నదని కొందరు,
ఆ ఒక్క పనికోసమే పుట్టి
పని కాగానే మాయమైందని ఇంకొకరు.
అసలు జంతువే కాదు, రంగేసిన మేకతోలంటూ
బబులోను మట్టిపలకలు చదివినవాళ్లు.

ఎడారిలో దేవుడికి గుడారం వేశారు.
లోపల సన్ననార, నీలం, ఊదా, ఎరుపు.
దానిమీద మేకవెంట్రుకల కంబళి.
దానిమీద ఎర్రరంగు పట్టించిన పొట్టేలు తోళ్లు.
అన్నిటికన్నా పైన, ఎండకీ ఇసక్కీ ఎదురుగా, తహష్.
తెరలకి ఎన్ని మూరలో రాశారు,
కొక్కేలెన్నో రాశారు.
గాలిదెబ్బ కాసుకున్నదానికి కొలత రాయలేదు.

మా నాన్న ఎల్కానాకి చదువు రాదు.
ఆరె, రంపె, రెండు చెక్క అచ్చులు,
తఫిలాల్త్ నుంచి ఓడలో తెచ్చుకున్న ఆస్తి.
రేవులో పడవలవాళ్లకి చెప్పులు కుట్టేవాడు.
తహష్ అంటే ఏంటని అడిగితే
పంటి మధ్య దారం వదలకుండానే అన్నాడు:
"ఏదైతేనేం ఫ్రేహా,
ఒలిచినవాడు మాత్రం పనిమంతుడు.
ఒక్క కన్నం పడినా లోపల కారేది.
కారుంటే అదీ రాసేవాళ్లు."

ఆ మాట ఇంకోచోటా వస్తుంది, ఒక ప్రవక్త నోట.
పొలంలో పారేసిన పసిగుడ్డుని
దేవుడు ఎత్తుకుని, పెంచి, పట్టు కట్టి,
కాళ్లకి తహష్ చెప్పులు తొడిగాడట.
ప్రార్థనామందిరంలో అది చదివిన రోజు
నాన్న నన్ను మోచేత్తో పొడిచాడు.
"విన్నావా? కాలి కొలత తీసుకునే ఉంటాడు.
వంగకుండా కొలత రాదు."

నాకు పదమూడేళ్లప్పుడు
రేవుకి దక్షిణంగా ఒక సముద్రపుఆవు కొట్టుకొచ్చింది.
పాత వల కోసిన గీతలు వీపుమీద.
సువేలిం అనే బెదూయిన్ జాలరి
ఈగల్ని తోలుతూ దాని పక్కన కూర్చున్నాడు.
"మా తాత చెప్పులు దీని తోలువే.
పగడపురాళ్లమీద పదేళ్లు నడిచాడు" అన్నాడు.

నాన్న మోకాళ్లమీద కూర్చుని
అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు.
నేను ఎదురుచూశాను,
ఇదే అంటాడని. జెలిగ్ మాస్టారికి
పరుగెత్తుకెళ్లి చెప్పాలని.
"మంచి తోలు" అన్నాడు, అంతే.
తరవాత సువేలింతో కలిసి గొయ్యి తవ్వాడు.
రంపె నడుముకే ఉంది. తియ్యలేదు.

తహష్‌లో మొదటి అక్షరం తీసేస్తే
మిగిలేది హష్. తాకి తెలుసుకోవడమని ఒక అర్థం.
పండితులు ఒప్పుకోరు, వేరే ధాతువంటారు.
ఒప్పుకోకపోతే పోనీ.

నాన్నని వట్టికాళ్లతో పంపాం.
మా ఆచారం అది, నారబట్టే తప్ప
తోలు ఏదీ వెంట వెళ్లదు.
ఊరంతా తొడిగినవాడు అలా వెళ్లాడు.

కొట్టు ఇప్పుడు నాది.
రాత్రి మూసేముందు కుట్టుమిషను మీద
ఆయన ఒడికట్టు తోలు కప్పుతాను, దుమ్ము పడకుండా.
జిగురు, మైనం, యాభై ఏళ్ల చేతులు తుడిచి తుడిచి
నల్లబడి, నున్నబడి, చోటుచోటా చిట్లి ఉంది.
మొన్న ఒక పిల్లాడు దాన్ని నిమిరి
ఏ జంతువుదని అడిగాడు.

మేకదో, ఒంటెదో. తిప్పి చూశాను, వాసన చూశాను.
"తెలీదబ్బాయ్" అన్నాను.