వేరేగా ఉంది

నా రుచి గురించి అడిగారు కనక ముందే చెప్తున్నా,
నేను పండితుణ్ణి కాను, లారీ డ్రైవర్ని.
ఇరవై ఆరేళ్లుగా ఫిన్లాండ్ నుంచి కాగితం చుట్టలు మోసుకెళ్లి
దక్షిణం నుంచి సీసాలు మోసుకొస్తున్నాను.

చేదు నాకు పడదు.
దేవదారు జిగురు నమిలినట్టుండే ఆ కొత్తరకం బీర్లు
మా ఆర్టూ తాగుతాడు, తాగనీ, వయసు.
నల్లది చలికాలంలోనే, అదీ ఒక్క గ్లాసు.
మిగతా ఏడాదంతా నాకు కావలసింది సాహ్తి.
పెద్దమ్మ ల్యూలి చెక్కతొట్టి అడుగున
జూనిపర్ కొమ్మలు పరిచి వడగట్టేది.
బురద రంగు. నురగ పేరుకైనా ఉండదు.
అరటిపండు వాసన,
అరటిచెట్టు మొహం చూడని ఊళ్లో అదెలా వచ్చిందో
ఎవరూ అడగరు.
రెండు వారాలు దాటితే పులిసిపోతుంది,
అందుకే మాది మేమే తాగేస్తాం.

ఇలాంటివాణ్ణి, ఒక్కసారి మాత్రం పడిపోయాను.
పదమూడేళ్ల కిందట, బెల్జియంలో,
హాప్ తీగలు కరెంటు స్తంభాలంత ఎత్తు పాకే పల్లె.
లోడు తెల్లారి గానీ రాదన్నారు.
గొడెలీవ్ అనే ఆవిడ తన పెరట్లో కూచోబెట్టి
పీపాలోంచి నేరుగా పోసింది.
అప్పుడే వాన వెలిసింది.
నారింజ తొక్క, మాడిన రొట్టె అంచు,
గుక్క దిగాక గొంతులో
ఎవరో వెనకనుంచి పేరుపెట్టి పిలిచినట్టు చిన్న చురుక్కు.

ఆ గ్లాసు గురించి పదమూడేళ్లు చెప్పాను.
పెళ్లిళ్లలో చెప్పాను, ఓడ మీద చెప్పాను,
టైస్టోకి మోకాలు కోసినప్పుడు ఆస్పత్రి వరండాలో చెప్పాను.
చెప్పిన ప్రతిసారీ గ్లాసు కాస్త పెద్దదైంది.

పోయిన జూన్లో అదే బీరు
మా ఊరి సర్కారు కొట్లో, అద్దాల అరలో.
సీసా మీద ఆవిడ పెరటి గేటు బొమ్మ.
నాలుగు కొన్నాను, ఇర్మెలికి ధర చెప్పలేదు.
సౌనాలో కాగి, రేవు చెక్కల మీద
తడి తువ్వాళ్లతో కూచున్నాం.
అందరూ సీసాని కాదు, నా మొహం చూస్తున్నారు.

మూత తీశాను.
తడిసిన అట్టపెట్టె.
ఇంకో గుక్క. అట్టపెట్టే.
టైస్టో నోట్లో కాసేపు తిప్పి,
సరస్సు అవతలి ఒడ్డు చూస్తూ మింగి,
"ఊఁ," అన్నాడు, "వేరేగా ఉంది."

మా ఊళ్లో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.
కొత్త పాస్టర్ మొదటి ప్రసంగం విని
మెట్లు దిగుతూ అనే మాట అది.
ఇర్మెలి ఏమీ అనలేదు, అది ఇంకా ఘోరం.
మిగిలిన రెండు సీసాల్లో ఆర్టూ సాసేజీలు ఉడకేశాడు.

దొంగ సరుకన్నాను. కంపెనీ మారుంటుందన్నాను.
రాత్రి నిద్ర పట్టక పాత బిల్లుల కట్ట విప్పాను.
మే పన్నెండు. ట్రావెముండె రేవు. ఓడల వాళ్ల సమ్మె.
రెండు రోజులు ఎండలో నిలబడిన లారీ,
టార్పాలిన్ మీద గుడ్లు వేయించొచ్చని
నేనే జోకేసిన లారీ,
నాది.

ఆగస్టులో ఐదు లీటర్ల సాహ్తి క్యానులో పోసి,
చుట్టూ ఐసు కట్టి, సీటు పక్కన బెల్టు పెట్టి,
మూడు రోజులు పసిబిడ్డలా తీసుకెళ్లాను.
గొడెలీవ్ జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు.
గ్లాసు వెలుగుకి ఎత్తి చూసింది, వాసన చూసింది,
తాగింది. చాలాసేపు గేటు వైపు చూసింది.
ఏదో ఒక్క మాట అంది.
ఆవిడ భాష నాకు రాదు.
అర్థమైంది.

పగలబడి నవ్వాను, ఎందుకో తెలియక ఆవిడా నవ్వింది.
నా గ్లాసు పట్టుకుని పీపా దగ్గరకి వెళ్లింది.
బండి తోలాలి, సగం చాలన్నాను,
నిండా పోసింది.
రాత్రికి బండి అక్కడే ఉండిపోయింది.

ఎలా ఉందో
ఈసారి ఎవరికీ చెప్పను.