చెక్కుబందీ

రాజోలు సబ్‌రిజిస్ట్రారాఫీసుకి ఎదురుగా
రేకుల పంచలో నా బల్ల.
ముప్పై నాలుగేళ్ళుగా నా చేత
జనం భూమిని రాయించుకుంటున్నారు.
తూర్పున ఫలానావారి కొబ్బరితోట,
దక్షిణం పంటబోదె,
పడమర పుంత,
ఉత్తరం అన్నదమ్ములకి మాటల్లేని గట్టు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరొచ్చారు.
కడలి సీతారత్నం, నర్సాపురంలో లేసు అల్లిక,
చూపుడువేలి కొసన కొక్కెం సూది గాటు.
ఓలేటి ఏసుపాదం, సఖినేటిపల్లి రేవులో పంటు డ్రైవరు.
"ఒప్పందం రాయాలండి" అన్నాడు.
పొలమా, స్థలమా?
"మేమేనండి."

పెన్నుకి మూత పెట్టేశాను.
లోపలికెళ్ళండి, ఫారం ఇస్తారు, ముగ్గురు సాక్షులు,
నెల్లాళ్ళు నోటీసు బోర్డు మీద మీ పేర్లు
గుండుసూదులకి వేలాడతాయి, అంతే.
ఆమె నవ్వలేదు.
"మొదటి పెళ్ళికి ఊరంతా సాక్షులేనండి.
తెంపుకోడానికి ఆరేళ్ళు పట్టింది.
వాడు నన్నెక్కడెక్కడ కొట్టాడో
బంట్రోతు కూడా విన్నాడు.
ఇంక మా మంచం కాడ
గవర్నమెంటుకి కుర్చీ వెయ్యను."

రాశాను.
లేసు డబ్బు ఆమెది, పంటు జీతం అతనిది.
లంకలో రెండు గదుల ఇల్లు ఇద్దరిదీ,
ఏరు కోసుకుపోతే నష్టం చెరిసగం.
ఆదివారం అతను చర్చికి, శనివారం ఆమె అంతర్వేదికి,
ఒకరి కోసం ఒకరు దేవుణ్ణి మార్చుకోరాదు.
వరద రోజుల్లో తగాదా పనికిరాదు.
వెళ్ళిపోదలచినవారు పగటిపూట, చెప్పి,
ఆఖరి పంటు దాటకముందే వెళ్ళాలి.
"ఆఖరి పంటు నేనే నడుపుతానండి" అన్నాడతను.
కాసేపు ఎవరం ఏమీ అనలేదు.

చెయ్యి అలవాటున చెక్కుబందీ అని రాసేసింది.
"నాలుగు వైపులా గోదారేనండి" అందామె.
గోదారి హద్దు నిలవదమ్మా.
"తెలుసండి."

స్టాంపు కాగితం తియ్యబోతే
తలమీది సింహాల్ని గోటితో గీకి చూసింది.
వీటిని కొనుక్కుని మరీ వీటిని రావద్దనాలా?
సింహాల్లేని కాగితానికి నోరుండదమ్మా అన్నాను.
పోయినేడు కాకినాడ పెద్దాసుపత్రిలో
నా ఆపరేషనుకి సంతకం పెడుతుంటే
"మీరేమవుతారు?" అంది నర్సు.
"పెళ్ళాన్ని" అంది మా ఆవిడ. అంతే, సరిపోయింది.
కాగితం ఎవరూ అడగలేదు.
మాకూ లేదు ఆ కాగితం, ఆలోచిస్తే.
కానీ మిమ్మల్ని అడుగుతారు,
ఏసుపాదానికి సీతారత్నం ఏమవుతుందని.

ఆమె అతని వైపు చూసింది.
అతను రేవు వైపు చూశాడు.
"తెల్లకాగితం మీదే రాయండి" అంది చివరికి,
ఏదో బాకీ ఒప్పుకున్నట్టు.

రుసుముల పట్టికలో వెతికాను.
అమ్మకం, తనఖా, దానం, కౌలు, భాగపంపకం.
ఏ వరసలోనూ ఇమడలేదు.
టీ డబ్బులు పుచ్చుకున్నాను.
చదివి వినిపించగా విని, సమ్మతించి,
చెరొక సంతకం.
రబ్బరు ముద్ర ఎత్తి, మళ్ళీ డబ్బాలో పడేశాను.

రాత్రి పెరట్లో దీపం కింద
మా ఆవిడ రొయ్యలు ఒలుస్తోంది.
మన మధ్య షరతులేవైనా ఉన్నాయంటావా, అనడిగాను.
తలెత్తకుండా అంది:
"లేకేం, ఉన్నాయి.
మీకెప్పుడూ చదివి వినిపించలేదు."