ఐదు సెంటీమీటర్ల చదరం

మొంతెవిదేయోలో జూలై అంటే చలి.
నది మీది గాలి మెట్లెక్కి వచ్చి
తలుపు తట్టకుండానే లోపల కూర్చుంటుంది.

మా పిన్నులిద్దరికీ ఇల్లు పంచినప్పుడు
కింద వాటా నెలిదాకి, పై వాటా ఓఫెలియాకి,
కుట్టుమిషను నెలిదాకి.
అక్కడే ఇద్దరికీ మాట పడిపోయింది.
రెండేళ్లు.
ప్రింటరును పంచడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.
పాతది, వైఫై ఎరగదు,
వెనక ఒకే ఒక్క యూఎస్‌బీ రంధ్రం.

"ఎల్బియో, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని
వేర్వేరుగా, ఒకే రోజు, ఒకే మాటల్లో
ఇద్దరూ నాకు ఫోన్ చేశారు.

మెట్ల మలుపులో, ఎవరి వాటాకీ రాని మూడడుగుల జాగాలో
రౌటరు ఉంది. దాని వెన్నులో ఖాళీ సందొకటి.
రెండు మీటర్ల కేబులు తెచ్చి అందులో గుచ్చాను.
ప్రింటరుకి మారని చిరునామా రాసిచ్చాను, చివర యాభై.
కింద ఒక డ్రైవరు, పైన ఒక డ్రైవరు.
మొదటి రోజు పైనుంచి పంపితే "ఆఫ్‌లైన్" అంది.
కిందినుంచి పంపితే
అర్థంకాని గుర్తులు డెబ్బై పేజీలు కక్కింది.
మూడో రోజుకి దారికొచ్చింది.
ఎవరు పంపినా అదే మూలుగు,
ముందొచ్చినవాళ్లది ముందు.

ఓఫెలియా మందుల షాపులకి లెక్కలు రాస్తుంది.
నెలిదా బట్టలు కుడుతుంది. ఆమె నమూనాలు
ముప్ఫై రెండు కాగితాలుగా వస్తాయి,
అంచుకి అంచు టేపు వేసి అంటించుకోవాలి.
ట్రేలో పన్ను రసీదుల మధ్య ఒక చేతి ముక్క,
దగ్గుమందు బిల్లు కింద ఒక మెడ వంపు.
ఓఫెలియా తనవి ఏరుకుని
తక్కినవి బోర్లించి పోయేది,
చూడలేదని చెప్పడానికన్నమాట.

ఒక రాత్రి బోర్లించలేదు.

ఆడవాళ్ల కోటు. పదకొండో పేజీ.
కుడి భుజం గీత మామూలుగానే సాగింది.
ఎడమది ఒక సెంటీమీటరు కిందికి జారింది.
తొమ్మిదేళ్లప్పుడు నది గట్టు రోడ్డు మీద
సైకిలు మీంచి పడి, విరిగి, వంకరగా అతుక్కున్న భుజం
మా వంశంలో ఒక్కరికే ఉంది.

మొదటి పేజీ మూలలో చిన్న చదరం ఉంటుంది.
కొలిస్తే ఐదుకి ఐదు రావాలి,
రాకపోతే కోటంతా తప్పే.
ఓఫెలియా లెక్కల మనిషి, స్కేలు పెట్టింది.
నాలుగు పాయింట్ ఎనిమిది.
మా ప్రింటరు మరీ మర్యాదస్తురాలు,
కాగితం గడప దాటకూడదని
దేన్నయినా కాస్త కుదించే ఇస్తుంది.

ఎర్ర సిరాతో చదరంలో 4.8 అని రాసి,
పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి
మేడ మీదికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నెలిదా ఫోను.
కోటు సంగతి చెప్పలేదు, ఎర్ర సిరా సంగతీ చెప్పలేదు.
"పేజీకి సరిపెట్టు అని టిక్కు ఉందిరా, తీసెయ్యాలా?"
తీసెయ్యి పిన్నీ, నూటికి నూరు పెట్టు.
"అంచులు తెగిపోవూ?"
తెగితే ఆ కాస్త చేత్తో గీసుకో.

ముప్ఫై రెండు పేజీలు మళ్లీ మొదలయ్యాయి.
ఆమె ఫోను పెట్టెయ్యడం మరిచిపోయింది.
నా మాతే చల్లారిపోతోంది, వింటున్నాను:
రోలరు తిరగడం, ఆగడం, తిరగడం.
పదో పేజీ తర్వాత కాగితం అయిపోయినట్టుంది.
మూడుసార్లు బీప్ అంది.
కింద తలుపు తెరుచుకుంది.
పైన తలుపూ తెరుచుకుంది.
చెప్పుల చప్పుడు, ఎవరివో తెలీదు.
కాగితాల కట్ట చింపిన చప్పుడు.
ఎవరో ట్రేని లోపలికి నెట్టారు, టక్‌మని.

పదకొండో పేజీ రావడం మొదలైంది.