గుంజ

తాలెక్వా అవతల పాత కంచె పీకేసిన రోజు
పొయ్యికి పోవలసిన బోడార్క్ గుంజల్లోంచి
లొరీన్ ఒకదాన్ని కాలితో పక్కకి దొర్లించింది.
అరవై ఏళ్ళు ముళ్ళతీగ మోసిన ఒళ్ళు.
ఇనప మేకు దిగ్గొట్టి చీలిస్తే
లోపల చేవ ఇంకా
పసుపు దంచినట్టుంది.

"రెండు వేళ్ళ వెడల్పుకి విల్లేమిటి,
వంటచెరుకు" అన్నాడు హాస్కెల్,
పొగాకు బుగ్గ మార్చి.
అన్నవాడే షెడ్డులోకి వెళ్ళి
రెండు పిడుల కత్తి తెచ్చిచ్చాడు.

విల్లు వీపున ఒకే ఒక్క ఏడు ఉండాలి,
కొస నుంచి కొసకి, ఎక్కడా తెగకుండా.
వానలు పడ్డ ఏళ్ళు బొటనగోరు మందం.
ఎండిన ఏళ్ళు కాగితం.
రెంటి మధ్య పలుచని పొర తగిలితే
కత్తి కింద కరకరమంటుంది,
ఆగమని.

ఆమె ఎంచుకున్న ఏడు కణుపు దగ్గర తెగింది.
దాని ముందటి ఏటికి దిగింది.
అక్కడా తెగింది.
మూడోసారి కత్తి
కణుపుని చుట్టి పోయింది,
ఏటిలో రాయిని ఏటినీళ్ళు చుట్టినట్టు.

కొక్కెం తుప్పు దిగినచోట నీలిమచ్చ.
దాన్ని ముట్టుకోలేదు.
అది పోయేదాకా చెక్కితే
విల్లు మిగలదు.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఇది గుంజయ్యాక నేర్చుకుంది,
గోడకి కొట్టిన కొయ్య మీద,
వారానికి రెండంగుళాలు.
కప్పీ తాడు లాగేది హాస్కెల్.
దూరంగా నిలబడి చూసేది లొరీన్.
"కింది రెక్క బిర్రు."
నాలుగు గీకులు.
"మళ్ళీ లాగు."
"చాలు, చాలు. పోయిన చెక్క అతకదు."
ఆ వేసవంతా వాళ్ళు మాట్లాడుకున్నది
ఇంచుమించు ఇంతే.

భుజం ఆపరేషన్ తర్వాత
ఆమె లాగగలిగేది ముప్ఫై పౌన్లు.
ఎవరూ పైకి అనలేదు గానీ
విల్లు అక్కడే ఆగింది.

సెప్టెంబరులో చెరోకీల కాడల పందెం.
ఎనభై గజాల అవతల
పేర్చిన మొక్కజొన్న కాడలు.
ఎన్ని గుచ్చితే అన్ని గుర్తులు.
కుర్రాళ్ళ బాణాలు ఆరేసి, ఏడేసి.
లొరీన్‌వి రెండు గడ్డిలో దిగబడ్డాయి.
మూడోది రెండు కాడల్ని గుచ్చి
ఇంకోదాని తోలు గీరి ఆగింది.
లెక్క రాసే పిల్ల "రెండు" అంది.
హాస్కెల్ అంతదూరం నడిచి వెళ్ళి
గీరుకున్న ఆ కాడ ముందు
టోపీ తీసి, వంగి,
చాలాసేపు చూశాడు.

ఆమె అప్పటికే అల్లెతాడు విప్పేసింది.
విల్లు మళ్ళీ గుంజలా నిటారైంది,
పూర్తిగా కాదు.