గేజీ రాయి

నాలుగింటికల్లా మెలకువొస్తది.
ఎవరూ లేపరు. ఎవరూ తిట్టరు.
తూము దగ్గర డ్యూటీ దిగి తొమ్మిదేళ్లయింది,
కాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

టార్చిలైటు సంకన పెట్టుకుని
దుగ్గిరాల లాకులకి దిగువన, మా బ్రాంచి కాలవ గట్టున పోతా.
పాలక్యాన్ల మోపెడు మీద బాజీ ఎదురొస్తాడు.
"ఇయ్యాళ ఎంత, లస్కరు గారూ?"
తెలుసుకోవాలని కాదు, పలకరింపు.
అయినా గేజీ రాయి మీద లైటేసి, చూసి మరీ చెబుతా.
రాయి పక్కన కొత్తగా తెల్లడబ్బా ఒకటి, నెత్తిన సోలారు పలక.
పావుగంటకోసారి బెజవాడలో ఇంజనీరుకి
నీటిమట్టం తనే చెప్పేస్తదంట.
దానిమీద పిచికలు రెట్టేస్తే నేనే తుడుస్తా.
తోటి ఉద్యోగి.

ఇంటికొచ్చి క్యాలెండరు గడిలో పెన్సిలుతో వేస్తా.
అదే గడిలో సామ్రాజ్యం పాలలెక్క వేస్తది.
నెలాఖరుకి ఇద్దరం కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చుంటే
ఈ ఒకటిన్నర నీళ్లో, ఆ ఒకటిన్నర పాలో
తేలదు.
"బాజీ పోసేవాటికి రెండూ ఒకటేలే" అంటది.

తొమ్మిదింటికి సొసైటీ అరుగు.
పేపరు ఒకటి, మనుషులం నలుగురం.
పోస్టుమాను యోహానుకి జిల్లా పేజీ.
పసుపు యార్డులో కాటా వేసిన సుబ్బారాయుడికి ధరల పేజీ,
"క్వింటాలు" అని చదివినప్పుడల్లా
ఖాళీ భుజం కాస్త వంగుతది.
నాకు వాతావరణం ముక్క.
వీరరాఘవులు పేపరు ముట్టుకోడు,
మా మొహాలు చదువుతాడు.

ఆయనది కాలవ చివర మూడెకరాలు.
నీళ్లు చాలని ఏడు, వరి పొట్టమీదుండగా
అర్ధరాత్రి వచ్చి తూము చక్రం పట్టుకున్నాడు.
"నాలుగంటే నాలుగు చుట్లు తిప్పు. చాలు."
వంతు వాళ్లది కాదు.
పైవాళ్ల కాయితం నా జేబులో ఉంది.
తిప్పలా.
ఆ పైరు గొడ్లు మేసినయి.
తర్వాత ఏళ్లకేళ్లు
నేనెదురైతే తువ్వాలు దులుపుకుని పోయేవాడు.
నేను రిటైరైన మూడోనాడు
అరుగుమీద జరిగి చోటిచ్చాడు.
"ఇప్పుడు నువ్వూ చివరి భూమివేగా" అన్నాడు.
మళ్లీ ఆ మాట ఎత్తలా.

నవంబరు.
పింఛనుకి బతికున్నట్టు రుజువు కావాలి.
సచివాలయంలో కుర్రాడు, వాడి ముందు మెషిను.
బొటనవేలు పెట్టు తాతా. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
సబ్బుతో కడిగా, లుంగీకి తుడిచా,
ఎవరో నిమ్మచెక్క తెస్తే దాంతోనూ రుద్దా.
పదివేళ్లూ అయినయి.
ముప్పైనాలుగేళ్లు తిప్పిన చక్రం
చుట్టుకి ఇంత చొప్పున
నా ముద్రలన్నీ అరగదీసుకుంది.
ఆ ఇనుముకి గుర్తున్నానేమో,
ఈ మెషినుకి లేను.

"కన్ను పెద్దది చెయ్యి" అన్నాడు కుర్రాడు.
శుక్లం తీయించిన కన్ను. నీళ్లు కారుతున్నయి గానీ
లైటు మారలా.
వెనక వరసలోంచి వీరరాఘవులు:
"బతికే ఉన్నాడ్రా అబ్బాయ్.
పద్నాలుగేళ్లు చూశా,
చావలా."
గదంతా నవ్వింది. నేనూ నవ్వా.
నవ్వుకి కన్ను విచ్చుకుందో ఏమో,
పచ్చలైటు.

ఆ రోజు గడిలో నీళ్లు వేయడం మర్చిపోయా.
పాలలెక్క ఒక్కటే ఉంది,
మామూలుకన్నా పావు ఎక్కువ.
వీరరాఘవులు మా ఇంటికి కాఫీకొచ్చాడు, మొదటిసారి.
పంచదార వద్దన్నాడు.
షుగరంట, పదకొండేళ్ల నుంచి.
నాకు తెలియనే తెలియదు.