ఎర్ర పొట్టేలు వచ్చిన ఏడు

మక్తల్ సంతల ఎవరూ నా పేరడగరు.
మొకం చూస్తరు, ముక్కు చూస్తరు,
"ఆశప్ప బిడ్డవు గదా?" అంటరు.
ఒకసారి ముసురు పడుతున్నది,
నాయిన గొంగడి కప్పుకొని పోతున్న.
ఉల్లిగడ్డలమ్మే ముసలాయన
ఎనుకకెల్లి నడక చూసి కేకేసిండు –
"ఓ ఆశప్పా, నీ తువ్వాల మర్సిపోయినవ్!"
నాకప్పుడు పదమూడేండ్లు.

మా అవ్వ తిప్పమ్మ ఆ ముచ్చటకు నవ్వలేదు.
"మోసింది నేను, కన్నది నేను,
ముద్ర మాత్రం ఆయనది పడ్డది" అన్నది.
ముగ్గురం పుట్టినం, ముగ్గురం నాయిన లెక్కనే.
పలక మొకం, వెడల్పు చెవులు,
ఎండల సుత చిట్లించని నల్ల కండ్లు.
అవ్వయి తేనె రంగు కండ్లు.
పిల్లికండ్ల తిప్పమ్మ అంటరు ఊర్లె.
ఆ కండ్లు మాల ఎవరికీ రాలే.
తలకు నూనె పెట్టేటప్పుడు
నా గదుమ పట్టి వెలుగు దిక్కు తిప్పేది.
బియ్యంల రాళ్లేరినట్టు
ఏదో ఏరేది.
దొరకకపోతె చెంప మీద చిన్నగ కొట్టి వదిలేది.

నాయినకు ఇదొక లెక్క కాదు.
"పొట్టేలంటే సగం మంద" అంటుండె.
"కొనేటోడు పొట్టేలు పండ్లు చూస్తడు,
గొర్రెనెవడు చూస్తడు?"
అవ్వ బదులియ్యకుండ
కదురును ఇంకింత జోరుగ తిప్పేది.

ఆ ఏడే నల్ల పొట్టేలునమ్మి ఎర్రది తెచ్చిండు.
నెల్లూరుది. పొడుగు కాళ్లు, బోడి ఒళ్లు.
బేరగాళ్లకు తూకం కావాలె,
ఉన్ని ఎవనికి కావాలె?
మొదటి ఈతకు పిల్లలన్నీ ఎర్రగ.
రెండో ఈతకు సుత.
బొచ్చు కత్తిరించే నెల వచ్చింది, పోయింది,
కత్తెరలు చూరుకే ఏలాడినయి.
"ముత్తాతల కాలం నుంచి నల్లగున్నరు,
ఒక్క మగజీవం వస్తె
గింత జల్ది మర్సిపోతరా?"
అవ్వ గొర్లనడిగిందో మమ్మల్నడిగిందో!
కదురును గోనెసంచిల చుట్టి
అటుక మీద పెట్టింది.

ఇంటర్ల మా సారు బోర్డు మీద గళ్లు గీసిండు.
పెద్ద అక్షరం, పక్కన చిన్న అక్షరం.
పెద్దది ఉంటె చిన్నది కనపడదు, అంతే.
ఇంటికొచ్చి పొయ్యికాడ
బొగ్గుతోని గీసి అవ్వకు చెప్పిన.
చాన సేపు చూసింది.
"చచ్చిపోయిందా, కప్పుకున్నదా? అది చెప్పు."
"కప్పుకున్నది."
"మరి ఆ గొంగడి ఎత్తేదెవరు?"
నా తాన జవాబు లేదు.
పెనం మీద రొట్టె మాడింది.

నాలుగో ఏడు.
ఎర్రదాని కొడుకే అప్పుడు మందకు పొట్టేలు.
నడిజాము వానల ఒక ఎర్ర గొర్రె
నల్ల పిల్లను ఈనింది.
ఒళ్లంత ఉంగరాల ఉన్ని, తడిసిన రేగడి లెక్క.
"మందల కలువదు, అమ్మేద్దాం" అన్నడు నాయిన.
అవ్వ దాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నది.
లేవలేదు.
ఆ దినం మా ఇంట్ల పొయ్యి ఎలగలేదు.
ఎవరూ అడగలేదు కూడ.

నాయిన పోయి రెండేండ్లయింది.
ఇప్పటికీ పోతె నూనె పెడతది అవ్వ.
గదుమ పట్టి మొకం వెలుగుకు తిప్పుతది.
ఏరుతున్నది తనను కాదిప్పుడు.
ముక్కు మీద వేలు ఆనించి
"ఈడనే ఉన్నడు" అంటది,
తప్పిపోయిన జీవాన్ని లెక్కల కలుపుకున్నట్టు.
నేను కదలకుండ కూసుంట.

ఒక సంగతున్నది.
నిద్రల నా బొటనవేలు, చూపుడువేలు
ఏదో పేనుతుంటయంట రాత్రంత.
పెండ్లయిన కొత్తల మా ఆయన భయపడ్డడు.
నేను ఒక్కనాడు కదురు పట్టలేదు.
అవ్వకింకా చెప్పలే.
ఇప్పుడిప్పుడే నాయినతోని
సోపతి కుదిరింది ఆమెకు.